కోనకు పోవాలా, కనుమ దాటాలా? నెల్లూరు, ప్రకాశం కొండల్లో సైకిలు దారులు

ఒక మార్చి సాయంత్రం పొదలకూరులో, నెల్లూరు పోయే ట్రాలీ ఆటోలో నిమ్మకాయల బస్తాల మీద నా సైకిలును పడుకోబెట్టి, పక్కనే నేనూ ఎక్కి కూర్చున్నాను. ఆ పొద్దున ఐదున్నరకు నెల్లూరులో బయలుదేరి పదకొండు లోపే పెంచలకోన చేరాను. సుమారు 80 కిలోమీటర్లు. కాళ్ళ నొప్పి లేదు, సీసాలో నీళ్ళు కూడా మిగిలాయి. ఇంతేనా అనుకున్నాను. దర్శనం, భోజనం, చెట్టు కింద కాస్త కునుకు అయ్యాక ఒంటిగంటకు తిరుగుముఖం పట్టాను. రాపూరు దాటాక సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. పొద్దున గంటకు 16, 18 నడిచిన సైకిలు 9కి పడిపోయింది. పల్లంలో కూడా తొక్కితేగాని కదల్లేదు. పొదలకూరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఆటో అతను డబ్బులు తీసుకోలేదు గానీ నెల్లూరు దాకా నవ్వుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఏ దారినైనా నేను పోయే వైపు నుంచి చూడడం మానేసి, తిరిగొచ్చే వైపు నుంచి చూస్తున్నాను. ఈ రెండు జిల్లాల్లో కొండల వైపు సైకిలు మీద ఎటు పోవాలని ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఎలా తిరిగొస్తారు?

కారణం మన భూమి వాలులోనే ఉంది. పెద్ద ఊళ్ళు, హైవే, మెయిన్ రైలు లైను అన్నీ తూర్పున సముద్రం పక్కన. కొండలు, అడవులు పడమరన. నెల్లూరుకు వెలిగొండలు, ప్రకాశానికి వెలిగొండలతో పాటు నల్లమల. అంటే ఎవరు బయలుదేరినా పొద్దున పడమరకు, మధ్యాహ్నం తూర్పుకు. ఎండలు ముదిరే కాలంలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి ఉంటుంది. రెండు కాలాల్లోనూ గాలి పోయేటప్పుడు వీపు తట్టి, వచ్చేటప్పుడు ఎదురు నిలబడుతుంది. పైగా పోయేటప్పుడు కొద్దికొద్దిగా ఎత్తు ఎక్కుతున్నాం కాబట్టి, వచ్చేటప్పుడు అంతా దిగుడేగా అని మనసు లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క తప్పు. కంటికి కనిపించని ఆ వాలు ఎదురుగాలికి చాలదు.

జిల్లాల గీతలు ఈ మధ్య మారుతూ వచ్చాయి. ఇక్కడ రాసేదంతా పాత నెల్లూరు, పాత ప్రకాశం లెక్కలోనే.

మూడు రకాల దారులు

మన పేర్లలోనే సగం సమాధానం ఉంది. కోన అంటే కొండల మధ్య లోయ. అక్కడ నీళ్ళుంటాయి, చెట్లుంటాయి, ఒక దేవుడుంటాడు, దారి ఆయన ముందు ఆగిపోతుంది. పెంచలకోన, భైరవకోన ఇలాంటివే. కోనకు పోతే పోయిన దారినే రావాలి. కనుమ అంటే కొండను దాటే చోటు, ఇప్పుడు అందరం ఘాటు అంటున్నాం. రాపూరు ఘాటు, గిద్దలూరు దాటాక వచ్చే నల్లమల ఘాటు ఈ రకం. కనుమ దాటినవాడు అవతలి ఊళ్ళో తేలతాడు, వచ్చిన దారిన రానక్కర్లేదు. మూడోది కొండవార దారి. కొండను ఎక్కదు, దూరదు, దాని పక్కనే ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఉదయగిరి, సీతారామపురం, చంద్రశేఖరపురం వైపు దారులు ఇవి. గాలి పక్క నుంచి కొడుతుంది, అది సగం కష్టమే.

మొదటిసారి పోయేవాళ్ళంతా కోననే ఎంచుకుంటారు. దూరం తెలుసు, గుడి ఉంది, ఇంట్లో చెబితే "మంచిదే, పోయిరా" అంటారు. ఒక్క రోజులో పోయి రావాలనుకునేవాళ్ళకు అసలు కష్టం కోనతోనే అని ఎవరూ చెప్పరు. కనుమ పేరు వింటే భయం, ఎక్కడం ఉంటుందని. కానీ ఆ ఎక్కడం కొన్ని కిలోమీటర్లే. ఎదురుగాలి మాత్రం డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది.

ముందు ఇంటి దగ్గర

సంచులు కట్టిన సైకిలు ఎలా నడుస్తుందో తెలియకుండా దూరం పోవద్దు. నెల్లూరు వాళ్ళకు నరసింహకొండ ఉండనే ఉంది, ఊరికి 15 కిలోమీటర్ల లోపు. పూర్తి బరువుతో ఆ కొండ ఎక్కి దిగండి. దిగేటప్పుడు బ్రేకులు ఎలా పడుతున్నాయో అక్కడే తెలుస్తుంది. ఇంకో ఆదివారం పెన్న అవతలికి దాటి జొన్నవాడ, బుచ్చిరెడ్డిపాలెం, సంగం మీదుగా పోయి, 2022లో మొదలైన సంగం బ్యారేజీ మీద నది దాటి పొదలకూరు రోడ్డుకు చేరి ఇంటికి రండి. వరి మళ్ళ మధ్య చక్కటి చుట్టు. వచ్చేటప్పుడు గాలి తగులుతుంది, మంచిదే, రుచి చూడండి. కోతల రోజుల్లో వడ్లు రోడ్డు మీదే ఆరబోసి ఉంటాయి. వాటి మీద తొక్కకండి. వడ్లు పాడవడం ఒకటైతే, సన్న టైరు ఆ గింజల మీద జారడం ఇంకొకటి.

పెంచలకోన: ఒక్క రోజా, రెండు రోజులా?

నా సలహా: రెండు రోజులు. ఒక్క రోజులో చేయగలిగినవాళ్ళు ఉన్నారు, నేనే ఒకసారి డిసెంబరులో చేశాను. కానీ అది తొక్కుడే, యాత్ర కాదు. కోనలో సత్రాలు, గదులు ఉన్నాయి. రాత్రి అక్కడ ఉండి, తెల్లవారుజామున, వెలుగు పడగానే బయలుదేరితే సముద్రపు గాలి లేచేలోపు పొదలకూరు దాటేయొచ్చు. అదే దారి, అదే దూరం, వేరే ప్రపంచం.

పొదలకూరు దాకా నిమ్మ తోటలు. రాపూరు దగ్గర పడేకొద్దీ మెట్ట, రాళ్ళు, వెలిగొండల నీలి గీత. గోనుపల్లి దాటాక అడవి మొదలవుతుంది. ఈ కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం కిందికి వస్తాయి, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. అందుకే రోడ్డు దిగి లోపలికి పోయి టెంటు వేద్దామనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నా, అది నేరం. అదీగాక ఇది ఎర్రచందనం పెరిగే నేల. చీకటి పడ్డాక సంచులతో అడవి పక్క కనిపించిన మనిషి యాత్రికుడని నమ్మడానికి ఫారెస్టు వాళ్ళకు కారణం ఏమీ ఉండదు. ఆధార్ కార్డు పైజేబులో ఉంచుకోండి, అడిగితే విసుక్కోకండి. నన్ను రెండుసార్లు ఆపారు. రెండోసారి వాళ్ళే టీ ఇప్పించారు.

రెండు రోజులు పెట్టుకుంటే కండలేరు కూడా కలుస్తుంది. తెలుగు గంగలో భాగంగా కట్టిన ఈ జలాశయం 68 టీఎంసీలది. మద్రాసు వాళ్ళ తాగునీళ్ళు ఇక్కడి నుంచే తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువలో పోయి, అక్కడి నుంచి పూండి జలాశయం చేరతాయి. మట్టికట్ట పొడవు 10 కిలోమీటర్లకు పైనే. దాని మీద సైకిలు తొక్కాలని అందరికీ ఆశ. పంపితే పంపుతారు, లేకపోతే లేదు, గొడవ పడకండి. కట్ట కింద నుంచి చూసినా సాయంత్రం వెలుగులో చాలు.

శని, ఆదివారాలు కోన రోడ్డు మీద కార్లు, టూరిస్టు వ్యాన్లు ఎక్కువ. మే నెలలో నరసింహ జయంతికి బ్రహ్మోత్సవాలు, అప్పుడు సైకిలుతో పోవడం ఎవరికీ మంచిది కాదు. మంగళవారమో బుధవారమో సెలవు దొరికితే అడవి మీ ఒక్కరిదే.

రాపూరు ఘాటు

కోనకు తిరిగే దారిని వదిలి రాపూరు నుంచి నేరుగా పడమరకు పోతే చిట్వేలు రోడ్డు. వెలిగొండలను ఇది అడ్డంగా దాటుతుంది. ఇదే కొండ కిందుగా కృష్ణపట్నం, ఓబులవారిపల్లె రైలు మార్గం 6 కిలోమీటర్లకు పైబడిన సొరంగంలో దూరిపోతుంది. 2019లో తెరిచారు. గూడ్సు బండ్లు హాయిగా కింద నుంచి పోతుంటే మనం పైన మలుపులు తిరుగుతూ చెమటోడుస్తాం. నాకైతే ఈ బేరమే నచ్చింది.

ఎక్కడం కష్టమే, అబద్ధం చెప్పను. సంచులున్న సైకిలుకు అన్నిటికన్నా చిన్న గేరు కావాలి. పెడళ్ళ దగ్గర ఒకే పళ్ళచక్రం ఉన్న పాతరకం సైకిలు అయితే చాలా చోట్ల దిగి తోసుకుంటూ నడవాలి. నడిస్తే నామోషీ ఏం లేదు, కొండ నిదానంగా కనిపిస్తుంది. మలుపుల్లో లారీలు, బస్సులు రోడ్డంతా తీసుకుంటాయి కాబట్టి లోపలి అంచున ఎక్కకండి, కాస్త బయటగా కనబడేలా ఉండండి. కోతులు ఉంటాయి. వాటి ముందు సంచి విప్పితే ఇంక అది మీ సంచి కాదు.

ఈ దారికి నేను ఎక్కువ మార్కులు వేసేది అవతలి వైపు వల్ల. చిట్వేలు దిగితే మామిడి, అరటి, బొప్పాయి తోటల మధ్య నుంచి రైల్వే కోడూరు. అక్కడ రైలు పట్టుకుని రేణిగుంటలో దిగి, ఇంకో రైల్లో గూడూరు మీదుగా నెల్లూరు. గాలికి ఎదురు తొక్కేది ఏమీ లేదు. మొదటి రోజు రాపూరులో ఆగి, రెండో పొద్దున చల్లగా ఘాటు ఎక్కి, మధ్యాహ్నానికి కోడూరులో ఉండడం నా లెక్క. నెల్లూరు నుంచి బయలుదేరేవాళ్ళు రెండు రోజులకు ఒకే ఒక్క దారి ఎంచుకోవాలంటే, పెంచలకోనా ఇదా అంటే, ఇదే అంటాను. భక్తి కోసమైతే కోన. కొండ కోసమైతే ఘాటు.

ఉదయగిరి, భైరవకోన: నాలుగు రోజులున్నవాళ్ళకు

ఇది నాకు ఇష్టమైన దారి కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

మొదటి రోజు నెల్లూరు నుంచి సంగం మీదుగా ఆత్మకూరు. ముంబై రోడ్డు కాబట్టి లారీలు ఉంటాయి, అందం తక్కువ. తెల్లవారుజామునే ఈ ముక్క ముగించి ఆత్మకూరులో సామాను పడేసి, సాయంత్రం ఖాళీ సైకిలు మీద సోమశిల చూసి రండి. పెన్న మీద 78 టీఎంసీల డ్యాము. రెండు వైపులా కొండలు దగ్గరికి వచ్చిన చోట నదికి అడ్డుకట్ట వేశారు. నీళ్ళు నిండుగా ఉన్న చలికాలంలో ఆ కొండల నీడ నీళ్ళలో కనిపిస్తుంది. 2021 నవంబరులో ఈ పెన్నే పొంగి కిందన పడుగుపాడు దగ్గర హైవేనూ రైలు కట్టనూ తెంచింది. ఎండాకాలంలో ఈ నదిని చూసినవాళ్ళు నమ్మరు.

రెండో రోజు ఉదయగిరి. దారి పొడవునా మెట్ట పొలాలు, గొర్రెల మందలు, పడమర పక్కన విడవకుండా కొండ. దూరం తక్కువే కాబట్టి మధ్యాహ్నానికి చేరతారు. సైకిలును లాడ్జీలో పెట్టి దుర్గం ఎక్కండి. 3,079 అడుగుల కొండ, ఎక్కేది కాళ్ళతోనే. ఒడిశా గజపతుల చేతి నుంచి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో తీసుకున్న కోట ఇది. కిందన నిలబడి తల ఎత్తి చూస్తే అంత కాలం ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన పాడుబడ్డ గుళ్ళు, మసీదులు, గోడలు. ఒంటరిగా సాయంత్రం ఎక్కకండి. ఊళ్ళో కర్ర గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళు ఉన్నారు, ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సైకిలు యాత్రలో ఏదైనా కొనాలంటే ఇంతకన్నా తేలికైన వస్తువు దొరకదు. నా హ్యాండిల్ సంచిలో దూరే పొడవు చూసి కొన్న అట్లకాడ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

మూడో రోజు అసలు రోజు. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా భైరవకోనకు, కొండవార దారి. బండ్లు తక్కువ. ఒక పక్క వెలిగొండలు, ఇంకో పక్క కంది, మిరప, జామాయిల్. మధ్యలో ఘటిక సిద్ధేశ్వరం వైపు అడవిలోకి చీలే దారి ఉంది, సమయం ఉంటేనే. భైరవకోనలో ఒకే కొండరాతిలో చెక్కిన ఎనిమిది శివాలయాలు, పక్కన 200 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు దుర్గాంబ విగ్రహం మీద పడుతుందని ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. సైకిలు వాళ్ళు దాని ముందో వెనకో వారం పోవడం మేలు. జలపాతం వానల మీద ఆధారపడింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చూడొచ్చు. మేలో పోతే బండ మీద చార మాత్రమే కనిపిస్తుంది.

నాలుగో రోజుతోనే చిక్కు. ఇక్కడి నుంచి తూర్పుకు రావాలి: పామూరు, కందుకూరు, చివర సింగరాయకొండ రైల్వే స్టేషను. పొడుగు దారి, ఎదురుగాలి, పొగాకు పొలాలు, ఆకు కాల్చే బ్యారన్లు తప్ప కొండ లేదు. శనివారమైతే మధ్యలో మాలకొండ కలుస్తుంది, ఆ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. కానీ ఆ రోజు ఆ రోడ్డు జనంతో నిండి ఉంటుంది. నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి పంతం పట్టి మొత్తం తొక్కాను. రెండోసారి పామూరులో పల్లెవెలుగు బస్సు కండక్టరును బతిమాలి సైకిలు టాపు మీద కట్టించుకున్నాను. రెండోదే తెలివైన పని. నడికుడి, శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గం కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా వేస్తున్నారు. అది పూర్తిగా నడిచిన రోజున ఈ నాలుగో రోజు బాధ తీరుతుంది, ఈ వ్యాసం సగం మార్చి రాయాలి.

నల్లమల: రైలు మీద ఎక్కి, రైలు మీద దిగి

ఒంగోలు వాళ్ళు మార్కాపురం దాకా తొక్కుకుంటూ పోదామనుకుంటారు. నేను వద్దంటాను. చీమకుర్తి దాకా గ్రానైటు టిప్పర్లు, దుమ్ము. నల్ల గ్రానైటు ప్రపంచమంతా పోతుందని గర్వపడొచ్చు గానీ దాని వెనకాల సైకిలు తొక్కనక్కర్లేదు. గుంటూరు, నంద్యాల రైలు మార్గం నల్లమల గుండా పోతుంది. మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు అన్నీ ఆ లైను మీదే. మార్కాపురంలో దిగి తొక్కడం మొదలుపెట్టి, నంద్యాలలో రైలెక్కితే చాలు. వెనక్కి తొక్కే పని లేదు.

మొదటి రోజు కంభం చెరువు. పదిహేనో, పదహారో శతాబ్దానిదిగా చెప్పే ఈ చెరువు గుండ్లకమ్మ మీద, రెండు కొండల మధ్య ఇరుకున కట్టింది. కట్ట చూస్తే చిన్నది, వెనక నీళ్ళు చూస్తే చిన్న సముద్రం. 2020లో దీనికి అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్ట మీద పొద్దున్నే కూర్చుంటే అంత తెలివిగా చోటు ఎంచినవాళ్ళను తలచుకోకుండా ఉండలేం. రాత్రి గిద్దలూరు. ఇక్కడి నుంచి తిండి మారుతుంది. జొన్నరొట్టె దొరికే చోటు అడిగి తినండి, మర్నాటి ఎక్కుడుకు ఇడ్లీ కన్నా అది నిలుస్తుంది.

రెండో రోజు దిగువమెట్ట దాటి ఘాటు. రాపూరు ఘాటుతో పోలిస్తే అడవి ఇక్కడ ఎక్కువ సేపు ఉంటుంది. చెట్లు పెద్దవి, నీడ ఉంది, వెదురు ఉంది. లారీలు కూడా ఎక్కువే. గిద్దలూరు నుంచి నంద్యాలకు 60 పైచిలుకు కిలోమీటర్లు, మధ్యలో ఫోను సిగ్నలు లేని ముక్కలు ఉన్నాయి. ఇది నిజమైన అడవి. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత ఒక మహిళను చంపింది. అది చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, ఒంటరిగా, చీకట్లో, చెవుల్లో పాటలు పెట్టుకుని పోకండి అని చెప్పడం. సూర్యుడు బాగా పైకి వచ్చాక అడవిలోకి దిగి, మూడు గంటల లోపు గాజులపల్లి వైపు బయటపడండి. ముగ్గురు, నలుగురు కలిసి పోతే ఇంతకన్నా మంచి దారి ఈ రెండు జిల్లాల్లో లేదు. ఒక్కరే అయితే రాపూరు ఘాటుకు పోండి.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు గురించి అందరూ అడుగుతారు. పులుల అభయారణ్యం లోపలి దారి, రాత్రిళ్ళు గేట్లు వేస్తారు, శివరాత్రి ముందు పాదయాత్ర చేసేవాళ్ళూ పోతారు. సైకిలు మీద పోయినవాళ్ళు నాకు తెలుసు. నేను మాత్రం కారులో పోయాను, తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఎక్కాను, అంతే. ఎక్కుడు పొడుగు, నీళ్ళ చోట్లు తక్కువ, మధ్యలో పాడైతే ఆగకూడని చోట ఆగాలి. మొదటి యాత్రకు దీన్ని ఎంచుకోకండి.

కొండలొద్దు, చదునైన దారి చాలనుకునేవాళ్ళు పులికాటు, నేలపట్టు వైపు పోవచ్చు. చలికాలంలో గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు. అది వేరే రకం యాత్ర.

సైకిలు, ముళ్ళు, నీళ్ళు

ఖరీదైన సైకిలు అక్కర్లేదు. చిన్న గేర్లు, గట్టి క్యారియరు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు ఉంటే ఈ దారులన్నీ తిరగొచ్చు. సన్న టైర్ల రోడ్ బైకు సంగం చుట్టుకు బాగుంటుంది, సీతారామపురం వైపు కంకర తేలిన ముక్కల్లో ఏడిపిస్తుంది. లావు టైర్ల కొండ సైకిలు ఎక్కడైనా పోతుంది, ఎదురుగాలిలో మాత్రం గేదెను తోలినట్టుంటుంది.

పంక్చర్లకు కారణం రాళ్ళు కాదు, సర్కారు తుమ్మ. మన జిల్లాల్లో రోడ్డు అంచంతా అదే, చిల్లకంప అని కూడా అంటారు. కంప కొట్టి ట్రాక్టరులో పోతుంటే దారి పొడవునా ముళ్ళు రాలతాయి. నీడ కోసం రోడ్డు దిగి ఆపితే పల్లేరు కాయలు. సైకిలును ఎత్తి పెట్టండి, నడిపించకండి. రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు తప్పనిసరి. సన్న మూతి వాల్వు ఉన్న ట్యూబులైతే ఊళ్ళో పంక్చరు షాపుల పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి కొని సీటు కింద కట్టుకోండి. అది లేక సీతారామపురంలో రెండు గంటలు కూర్చున్నాను, షాపతను మాత్రం ఆ వాల్వును ముక్కుపుడకలా తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు.

నీళ్ళు మూడు లీటర్లు తగ్గకూడదు. రాపూరు దాటినా, దిగువమెట్ట దాటినా మళ్ళీ దొరుకుతాయో లేదో అన్న టెన్షన్ వద్దు, ముందే నింపుకోండి.

కాలం విషయంలో ఎక్కువ ఆలోచించేది లేదు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరుల్లో అడవి పచ్చగా ఉంటుంది, సీతాఫలాలు ఉంటాయి, కానీ నెల్లూరు వైపు వానలన్నీ అప్పుడే, తుపానులతో సహా. వాగు చప్టా మీద నీళ్ళు పారుతుంటే లోతు చూడడానికి కూడా దిగకండి, టీ తాగి వెనక్కి తిరగండి. నల్లమల వైపు సెప్టెంబరు కూడా పరవాలేదు. మార్చి తర్వాత కొండలు ఎండి, రాయి వేడెక్కి, ఆకు రాలి బోసిగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒకే ఒక్క లాభం తాటి ముంజలు.

సైకిలును రైలెక్కించాలంటే గంట ముందు పార్సిల్ ఆఫీసుకు పోయి లగేజీగా బుక్ చేయించాలి. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది, ఎక్కించడం కుదరదనవచ్చు. అందుకే నేను చివరి స్టేషనుగా నంద్యాల లాంటి పెద్దది చూసుకుంటాను. కోడూరు విషయంలో ముందు రోజే స్టేషనుకు ఫోను చేసి కనుక్కోండి, కుదరకపోతే చిట్వేలు నుంచి రాజంపేట వైపు మళ్ళొచ్చు.

దారి ఎలా ఉందని ఎవరిని అడగాలో కూడా చూసుకోవాలి. మోటారు సైకిలు వాళ్ళను అడగకండి. "ఇంకెంత, రెండు కిలోమీటర్లే, అంతా ప్లెయినే" అంటారు, వాళ్ళకు ఎత్తు తెలియదు. ఎక్కుడు గురించి లారీ డ్రైవరును అడగండి, ఎక్కడ ఫస్టు గేరు వేస్తాడో అక్కడ మీరు దిగి నడవాలి. నీళ్ళ గురించి గొర్రెల కాపరిని అడగండి. దిగువమెట్టలో టీ కొట్టు పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "బండి కొనుక్కోలేదా నాయనా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే సీసా లాక్కుని కుండలో నీళ్ళు నింపి ఇచ్చి, ఘాటులో ఏ మలుపు దగ్గర చెలమ ఉందో చెప్పాడు. చెలమ ఆయన చెప్పిన చోటే ఉంది.